చీలిక లేని కోటు

పోయిన వారం మనం కుట్టక్కను ఆమె కుట్టు గదిలో వదిలి వచ్చాం. బల్ల మీద నల్ల కోటు, చేతిలో కత్తెర, గుమ్మంలో ప్రొడక్షన్ మేనేజరు. "ఈ కోటు వెనక చీలిక మూసెయ్యాలి. రేపు పొద్దున తొమ్మిదింటికి పని" అని చెప్పి అతను కారెక్కాడు. ఆ మాటకు అసలు అర్థం తెలిసిన వాళ్ళు ఆ గదిలో ఇద్దరే మిగిలారు. ఒకరు కుట్టక్క. రెండోది ఆమె కూతురు, ఆ కోటు తొడుక్కుని ఏడంతస్తుల మేడ మీది నుంచి దూకవలసిన పిల్ల.

సినిమాలో దూకేది పేరున్న కథానాయిక. నిజంగా దూకేది కుట్టక్క కూతురు. ఆ సంగతి బయటపెట్టనని పిల్ల కాగితం మీద సంతకం చేసింది. తల్లికి తప్ప చుట్టాల్లో ఎవరికీ తెలియదు. దూకేటప్పుడు కోటు లోపల నడుముకు గట్టి పట్టీ ఉంటుంది. ఆ పట్టీకి సన్నటి ఉక్కు తీగ తగిలిస్తారు. తీగ బయటికి రావడానికి కోటు వెనక జానెడు చీలిక. తీగను తర్వాత కంప్యూటరులో చెరిపేస్తారు, చూసేవాళ్ళకు మనిషి ఒక్కతే గాలిలో కనిపిస్తుంది. ఇప్పుడు చీలిక వద్దంటున్నారంటే తీగ వద్దంటున్నట్టు. కింద గాలి పరుపు ఒకటి ఉంటుంది, నిజమే. ఏడంతస్తుల మీది నుంచి చూస్తే అది చేతిరుమాలంత.

"నేను ముయ్యను" అంది కుట్టక్క.

"నువ్వు ముయ్యకపోతే ఇంకొకరు మూస్తారు. లోకంలో సూది నీ ఒక్కదాని దగ్గరే ఉందా?" అంది కూతురు.

"ఆ ఇంకొకరు నిన్ను కనలేదు."

"అమ్మా, ఈసారి పేరు వేస్తామన్నారు. ఆరేళ్ళుగా దూకుతున్నా, పడుతున్నా, ఒకసారి ఒళ్ళు కూడా కాల్చుకున్నా. ఒక్క సినిమాలో వెయ్యలేదు. ఈసారి వేస్తారు. నా పేరు."

"తెర మీద వేస్తారో, రాతి మీద వేస్తారో కనుక్కున్నావా?"

పిల్ల మొహం ఎర్రబడింది. "నీ నోట మంచి మాట రాదు కదా" అని తువ్వాలు లాక్కుని స్నానానికి పోయింది.

కుట్టక్క తీగాయనకు ఫోన్ చేసింది. దూకేవాళ్ళకు తీగలు కట్టే మనిషి అతను, పదేళ్ళ పరిచయం. "పై వాళ్ళ మాట అక్కా, నేనేం చెయ్యను" అన్నాడు. కొంచెం ఆగి గొంతు తగ్గించాడు. "కోటులో దారి అంటూ ఉంటే వాళ్ళు వద్దన్నా నేను తగిలిస్తా. బూడిద రంగు తీగ ఉంది, కింది నుంచి దారమంత కూడా కనపడదు. దారే లేకపోతే ఎక్కడ తగిలించను, గాలికా?"

ఫోన్ పెట్టేసి ఆమె చెప్పులు వేసుకుంది. ఇంత గొడవకూ మూలం మేనేజరు తన ఫోన్లో చూపించిన ఒక వీడియో. సినిమా ట్రైలరును గాలిలో ఉన్న మనిషి దగ్గర ఆపేసి, నడుము వెనక ఎర్ర గీతతో సున్నా చుట్టి, "చూడండి, ఇదీ వీళ్ళ నిజాయితీ. తాడు లేదన్నారు, గ్రాఫిక్స్ లేవన్నారు. మరి ఈ చీలిక ఎందుకు?" అని అడిగే గొంతు అందులో ఉంది. ఆ గొంతు ఆమె తమ్ముడిది. పోయిన వారం మనం ఆగింది అక్కడే.

*

తమ్ముడిది ఫోన్లు బాగుచేసే కొట్టు. రెండు మంచాలు వేస్తే నిండిపోయేంత గది. బల్ల మీద దీపం, దీపం కింద పొట్ట విప్పిన ఫోను, తమ్ముడి కుడికంటికి పట్టీతో కట్టిన భూతద్దం. సాయంత్రాలు అదే బల్ల ముందు కూర్చుని సినిమాల మీద వీడియోలు చేస్తాడు. వాటికి 'డేగకన్ను' అని పేరు పెట్టుకున్నాడు. ఎక్కడ అతుకు ఉందో, ఎక్కడ బొమ్మ ఉందో, ఎక్కడ మనిషికి బదులు మనిషి ఉన్నాడో పట్టుకోవడంలో అతనికి సాటి లేరని చూసేవాళ్ళ నమ్మకం. అతని నమ్మకం కూడా అదే.

ప్రతి సోమవారం మధ్యాహ్నం ఆ కొట్టులో ఒక సభ జరుగుతుంది. గోడవారగా బెంచీ, బల్ల మీద వరసగా చిన్న రేకు డబ్బాలు. రాబోయే ఒక్కో సినిమాకు రెండు డబ్బాలు. ఒకదాని మీద 'చూడాలి', ఒకదాని మీద 'దండగ'. వచ్చిన ప్రతి అభిమానీ పాత ఫోన్లలోంచి ఊడదీసిన స్క్రూ ఒకటి తీసుకుని, తన తీర్పు ప్రకారం అందులోనో ఇందులోనో వేస్తాడు. ఆ సాయంత్రం తమ్ముడు డబ్బాలు కెమెరా ముందు బోర్లించి ఫలితం చెబుతాడు. దానికి మళ్ళీ ఎక్కడెక్కడివాళ్ళో కింద వందల కొద్దీ కామెంట్లు రాస్తారు. నవ్వుకోకండి, సినిమా వాళ్ళు కూడా ఆ డబ్బాల వంక చూస్తున్నారని మేనేజరు మాటల్లో తేలింది.

కుట్టక్క వెళ్ళేసరికి సభ మంచి ఊపులో ఉంది.

"ద్వీపం సినిమా చూశాను" అంటున్నాడు మొదటాట. డెలివరీ వ్యాను తోలే మనిషి, ఏ సినిమా వచ్చినా మొదటి ఆట వదలడు కాబట్టి ఆ పేరు. "నిధి కోసం పడవెక్కారు. విశ్రాంతి దాకా పడవ దిగరు. దిగాక పాట. ఆ సినిమా మొత్తంలో మనసు పెట్టి పనిచేసింది మొసలి ఒక్కటే."

"మొసలి కూడా రెండో సగంలో బొమ్మ" అన్నాడు తమ్ముడు భూతద్దం తియ్యకుండా.

"పోనీ, దాన్నైనా వదిలెయ్యవయ్యా."

రిటైరైన లెక్కల మాస్టారు చిన్న నోటుపుస్తకం తీశారు. "రైలు సినిమా ట్రైలరుకు లెక్క కట్టాను. రైలు సెకనుకు ముప్ఫై మీటర్లు పోతోంది. అతను పెట్టె మీద నిలబడి ముగ్గురితో పోట్లాడుతున్నాడు. పోట్లాడనీ, నాకు అభ్యంతరం లేదు. టోపీ ఎలా నిలబడింది? తలకు మేకు కొట్టారా?"

"నా ఆశంతా వచ్చే నెల జలాంతర్గామి మీదే" అన్నాడు తమ్ముడు. "నిజంగా సముద్రంలోనే తీశారట."

"సముద్రమో నీళ్ళ తొట్టో నువ్వు చెప్పేదాకా నేను స్క్రూ వెయ్యను" అని మొదటాట నవ్వి, వేళ్ళ మధ్య ఉన్న స్క్రూను ఇంకో డబ్బాలో పడేశాడు. టంగుమంది. "మేడ సినిమా, దండగ. తాడు కట్టుకుని దూకడం ఒక గొప్పా? మా పిల్లలు ఉయ్యాల్లో రోజూ చేసే పని."

కుట్టక్క బల్ల దగ్గరికి వచ్చి ఆ డబ్బా తీసుకుని బోర్లించింది. స్క్రూలు బల్ల మీద చీమల్లా చెదిరిపోయాయి. 'దండగ' డబ్బా నిండుగా ఉంది. పక్కన 'చూడాలి' డబ్బాలో ఏమీ లేదు.

"అక్కా, ఏంటిది?" అన్నాడు తమ్ముడు.

"ఆ వీడియో నువ్వు పెట్టిందేనా?"

"నాదే. చూశావా?" అతని మొహం విచ్చుకుంది. "మూడు రోజుల్లో నాలుగు లక్షల మంది చూశారక్కా."

"ఆ కుట్టు ఎవరిదో నీకు తెలియదా?"

"తెలియకపోవడమేంటి. చీలిక చివర మూడు కుట్లు, కాకి అడుగులా. చీలిక చిరగకుండా నువ్వు తప్ప అట్లా ఎవరు వేస్తారు? చిన్నప్పుడు నీ మిషను కింద కూర్చుని దారాలు కత్తిరించినవాణ్ణి, నాకు తెలియదా? తెర మీద చూడగానే మా అక్క కుట్టు అని ఒళ్ళు పులకరించింది. నీ పేరు మాత్రం చెప్పలేదు. నీకు ఇబ్బంది రాకూడదని."

గర్వంగా చెప్పాడు. పండగకు కొత్త బట్ట తెచ్చినవాడి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది అతని మొహం. కుట్టక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది ఆమెకొక్కదానికే తెలుసు. ఆ కాకి అడుగు ఎండలో తళుక్కుమంది కాబట్టే తమ్ముడి కంటపడింది. మెరుపు లేని నల్ల దారం ఆ రోజు సరిగ్గా ఆ చివర అయిపోయింది. కొత్త ఉండ తెచ్చుకోవడానికి బద్ధకించి, ఆఖరి మూడు కుట్లూ పట్టుదారంతో వేసింది. నల్లదే కదా, వెనకే కదా అనుకుంది. ముప్ఫై ఏళ్ళ పనిలో ఒక్క పూట బద్ధకం.

"బాబూ" అని మొదటాట వైపు తిరిగింది. "తాడు కట్టుకుని దూకితే ఉయ్యాల అన్నావు. కట్టుకోకుండా దూకితే ఏమంటావు?"

"లేచి నిలబడి చప్పట్లు కొడతాం అక్కా. అది కదా సినిమా అంటే."

"పడితే?"

"పడితే పడతారు. ఎవరైనా మెడ పట్టి ఎక్కించారా? ఇష్టపడే ఎక్కారు కదా."

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. వాడు నయం. ఇల్లు తగలబెట్టలేదు, ఉన్న నిప్పు అడిగాడు. మీరు బెంచీ మీద కూర్చుని తగలబెట్టి, మంట చిన్నదిగా ఉంది, దండగ అంటున్నారు."

మొదటాటకు కోపం వచ్చింది. "మేం టిక్కెట్టు కొని చూసేవాళ్ళం. మోసం చేస్తే మోసమనే అంటాం. తాడు లేదని చెప్పిందెవరు, మేమా? అబద్ధం వాళ్ళు ఆడితే కడుక్కోవలసింది మా నోళ్ళా?"

అతను చెప్పిందాంట్లో తప్పు లేదు. అదే కుట్టక్కను ఇంకా మండించింది. ఆమె మాస్టారి వైపు తిరిగింది.

"మాస్టారూ, మీరు టోపీకి లెక్క కట్టారు. దీనికీ కట్టండి. ఏడంతస్తులు. తీగ లేదు. కింద పరుపు."

మాస్టారు అలవాటుగా పెన్సిలు తీశారు. "ఇరవై రెండు మీటర్లు అనుకుందాం. రెండు సెకన్ల మీద కొంచెం. కింద తగిలేటప్పటికి వేగం..." పెన్సిలు కదిలింది. "గంటకు డెబ్బై అయిదు కిలోమీటర్లు. పరుపు మధ్యలో వీపు ఆనాలి. ఆ పైన గాలి ఒక్క మూర పక్కకు తోసినా..."

అక్కడ పెన్సిలు ఆగింది. ఆయన కాసేపు ఆ అంకె వంకే చూశారు. తర్వాత బల్ల మీద చెదిరిన స్క్రూల్లోంచి ఒకటి తీసి, ఖాళీగా ఉన్న 'చూడాలి' డబ్బాలో వేశారు. "తాడుతోనే చూస్తానమ్మా" అని లేచి గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

"ఒక్క స్క్రూ" అన్నాడు మొదటాట. "మాస్టారు మెత్తన. డేగా, సాయంత్రం ఫలితం మార్చకు సుమా." అతనూ వ్యాను తాళాలు ఊపుకుంటూ వెళ్ళాడు.

"షట్టరు దించు" అంది కుట్టక్క.

*

షట్టరు దించాక గదిలో బల్ల దీపం ఒక్కటే మిగిలింది.

"ముందు ఇది చూడక్కా, తర్వాత తిట్టు" అని తమ్ముడు సొరుగులోంచి దళసరి కార్డు ఒకటి తీశాడు. "పొద్దున్నే వచ్చింది. సినిమా వాళ్ళే పంపారు. రేపు మేడ దగ్గర అభిమానుల ముందు దూకుతారట. దూకే ముందు కోటును అందరి ముందూ, కెమెరాల ముందూ పరీక్ష చేసేది ఎవరనుకున్నావు? నేను. నేను చీలిక లేదంటేనే దూకుతారు. ఇంతమంది సినిమా చూసేవాళ్ళలో నన్ను పిలిచారక్కా. ఫోన్లు బాగుచేసుకునేవాణ్ణి."

కుట్టక్క కార్డు చదివింది. రెండుసార్లు చదివింది.

"ఆ కోటులో దూకేది ఎవరు?"

"కథానాయిక అని వాళ్ళంటారు. మేడ మీద నీళ్ళ ట్యాంకు చాటుకు వెళ్ళి మనుషులు మారతారు, అంత మాత్రం నాకు తెలియదా? ఎవరో డూపు."

"ఎవరో కాదు. నీ భుజం మీద కూర్చుని, తెర కనపడట్లేదని నీ జుట్టు పీకిన పిల్ల."

తమ్ముడు నవ్వబోయి ఆగాడు. కంటి మీది భూతద్దం మెల్లగా తీశాడు. పట్టీ గుర్తు నుదుటి మీద ఎర్రగా ఉంది.

"అది నీతో పాటు బట్టల పనిలో కదా ఉంది?"

"అని నీకు చెప్పాం."

"ఎన్నాళ్ళుగా?"

"ఆరేళ్ళు."

"ఆరేళ్ళు." అతని గొంతు పెరిగింది. "నేను పరాయివాణ్ణా? దానికి మేనమామనా కాదా? ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఆ వీడియో పెట్టేవాణ్ణా?"

"చెప్పి ఉంటే ఆ సాయంత్రమే పెట్టేవాడివి. మా మేనకోడలు అని ఇంకో సున్నా చుట్టి మరీ."

ఇద్దరి మధ్యా ఆ విప్పిన ఫోను పడి ఉంది. తమ్ముడు తన ఫోను లాక్కున్నాడు. "ఇప్పుడే చెబుతా. దూకేది ఎవరో, ఎవరి పిల్లో, అన్నీ. రేపటి సభ రేపు చూసుకుందాం."

ఆమె ఫోను మీద చెయ్యి పెట్టి బల్లకు అదిమింది. "చెప్పావంటే దాని పని పోతుంది. సంతకం చేసింది. ఒకచోట పోతే ఏ ఫైట్ మాస్టరూ మళ్ళీ పిలవడు. అది నన్ను జన్మలో క్షమించదు. నిన్నూ."

"మరి ఏం చెయ్యమంటావు?"

ఆ ప్రశ్నకు జవాబు ఆమె కార్డు రెండోసారి చదువుతున్నప్పుడే కుట్టుకుంది. "వెనక చీలిక మూసేస్తా. పక్క కుట్లలో, జేబు మూతల కింద రెండు దారులు పెడతా. లోపల అస్తరు మడతలో దాస్తా. మెరుపు లేని దారంతో. తీగాయన అటొకటి ఇటొకటి తగిలిస్తాడు. కంటికి ఆనదు. కానీ వేలికి ఆనుతుంది. ఆ వేలు నీది."

తమ్ముడికి అర్థమైంది. మొహం పాలిపోయింది.

"లేదని చెప్పమంటావు. అందరి ముందూ."

"అవును."

"నాకున్నది ఆ ఒక్క మాటేనక్కా. డేగ చూశాడంటే చూసినట్టే, ఉందంటే ఉన్నట్టే అంటారు. నేను ఎవరి దగ్గరా ఒక్క ముక్క పుచ్చుకోలేదు, ఎవరినీ పొగడలేదు. రేపు ఎవడో ఒకడు నాలాగే ఆపి చూస్తాడు, ఆ దారి పట్టుకుంటాడు. అప్పుడు నేను అమ్ముడుపోయానంటారు."

"అననీ."

"నీకేం, అనడం తేలిక."

"తేలికా?" కుట్టక్క గొంతు పెరగలేదు, ఇంకా తగ్గింది. "నీ మాట పోతుందని ఏడుస్తున్నావు. నా పిల్ల నడుము పోతుంది. మాట పోయినవాళ్ళు ఇంకో మాట నేర్చుకుని బతికారు. నడుము పోయినవాళ్ళను నేను చూశాను, వాళ్ళ బట్టలు నేనే కుట్టాను. ముందు వైపు తెరుచుకునేట్టు కుట్టాలి, ఎందుకంటే వాళ్ళు చేతులెత్తలేరు. సినిమా పిచ్చి దానికి ఎక్కించింది ఎవరు? అయిదేళ్ళ పిల్లను చంకనేసుకుని మొదటాటకు పరిగెత్తింది ఎవరు? పైనించి దూకినవాణ్ణి చూపించి, చూశావా తల్లీ, అదీ ధైర్యమంటే, అని చెవిలో ఊదింది ఎవరు?"

తమ్ముడు బల్ల మీది స్క్రూలు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేశాడు. ఆ చప్పుడు ఆగాక, "లేదని చెబుతాను" అన్నాడు. "కుట్టు మాత్రం గట్టిగా వెయ్యి."

"నాకు చెబుతున్నావా" అంది ఆమె. వచ్చినప్పటి నుంచి తిట్టు కాని మాట అదొక్కటే.

*

ఇద్దరూ ఇల్లు చేరేసరికి మూడు దాటింది. తలుపు దగ్గరికి వేసి ఉంది, తాళం లేదు. దారిలో కొన్న మెరుపు లేని దారం ఉండ కుట్టక్క చేతిలో ఉంది.

గదిలో బల్ల ఖాళీగా ఉంది. కోటు లేదు.

మిషను ముందు నేల మీద నల్లటి ముక్కలు కనిపించాయి. ఆమె వంగి ఏరింది. తన కుట్లే. కాకి అడుగు మూడు కుట్లూ బ్లేడుతో కోసి పీకేసి ఉన్నాయి, పట్టుదారం ఇంకా తళుక్కుమంటోంది. మిషను సూదిలో ఇంకా దారం ఉంది. అది తను ఎక్కించిన దారం కాదు. ఆరేళ్ళుగా తల్లి పక్కన కూర్చుని సరదాకు కూడా సూది పట్టని పిల్ల, ఆ మధ్యాహ్నం కూర్చుని తనకు తనే దారి మూసుకుంది.

మిషను పెట్టె కింద కాగితం ఉంది. 'అమ్మా, స్టవ్ కట్టేశాను. నువ్వు కుట్టవని తెలుసు, నేనే కుట్టుకున్నా. వంకరగా వచ్చింది, తిట్టకు. రేపు వానట, అందుకని ఇవాళే అన్నారు. సాయంత్రానికి వచ్చేస్తా.'

తమ్ముడి జేబులో ఫోను మోగింది. మేనేజరు. "సార్, అయిదు గంటలకే. మీకోసం కారు పంపాం, కొట్టు మూసి ఉందన్నారు, ఎక్కడున్నారు సార్?"

తమ్ముడు 'సార్' అన్న మాట జీవితంలో అన్నిసార్లు విని ఉండడు. అక్క మొహం చూసి, "వస్తున్నా" అని పెట్టేశాడు.

ఆటోలో సగం దారి పోయాక కుట్టక్క అంది. "ఇప్పుడు ఆ కోటులో చీలిక లేదు. నిజంగా లేదు."

"తెలుసు."

"తీగాయన తగిలించడానికి దారి లేదు."

"తెలుసక్కా."

"నువ్వు నిజం చెబితే అది దూకుతుంది."

తమ్ముడు రోడ్డు వంక చూస్తూ, "అయితే ఉందని చెప్పాలి" అన్నాడు. "లేనిదాన్ని ఉందని. కోటు విప్పి చూపించమంటే?"

కుట్టక్క పిడికిట్లో ఆ పీకేసిన దారం ముక్కలు చెమటకు తడిసి అరచేతికి అంటుకున్నాయి.

*

కట్టడం పూర్తికాని మేడ అది. కిటికీలకు చట్రాలు లేవు, ఇటుకల మీద సున్నం లేదు. ముందున్న ఖాళీ స్థలంలో, వేళ మారిందని ఫోన్లలో చూసి వచ్చినవాళ్ళు వేల మంది. ఫోన్లు పైకెత్తి ఉన్నాయి, ఒక్క చెయ్యి కూడా ఖాళీగా లేదు. పక్కగా గాలి పరుపు ఊదుతున్న మోత. దగ్గరి నుంచి అది పెద్దదే. కుట్టక్క తలెత్తి మేడ చివర వంక, మళ్ళీ పరుపు వంక చూసి, ఇంక చూడలేదు.

తీగాయన పరుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి తల అడ్డంగా ఊపాడు. అతని భుజానికి తీగ చుట్ట వేలాడుతూనే ఉంది, బూడిద రంగుది.

కార్డు ఉన్నవాళ్ళు వేదిక మీదికి, తక్కినవాళ్ళు కంచె ఇవతలికి. తమ్ముణ్ణి చేతులు పట్టుకుని తీసుకుపోయారు. ఆమె కంచె కడ్డీ పట్టుకుని ముందు వరసలో మిగిలింది. పక్కన ఎవరో, "డేగ వచ్చాడు, ఇంక ఆటలు సాగవు" అన్నారు. వెనక ఎక్కడో మొదటాట గొంతు, "బాగా చూడు డేగా, మా స్క్రూలు నీ చేతిలో ఉన్నాయి" అని అరిచింది. నవ్వులు.

కథానాయిక వేదిక మీద చెయ్యి ఊపింది. చప్పట్లు. ఆమె వెనక నుంచి ఒక సహాయకురాలు కోటును హ్యాంగరుకు వేసి తెచ్చింది. తలకు చున్నీ చుట్టుకుని ఉంది, కళ్ళు తప్ప ఏమీ కనపడటం లేదు. కోటు తెచ్చే మనిషి మొహం ఎవరు చూస్తారు? కంచె ఇవతల ఒక్క తల్లి చూసింది. వేదిక మీద ఒక్క మేనమామ చూశాడు.

మేనేజరు మైకు అందుకున్నాడు. "మా మీద నింద వేసిన మనిషినే పిలిచాం. కోటు ఆయన చేతికే ఇస్తున్నాం. ఆయన ఏ మాట చెబితే అదే మాట. చూడండి సార్."

తమ్ముడు కోటు అందుకున్నాడు. జేబులోంచి భూతద్దం తీసి కంటికి కట్టుకున్నాడు. జనం గప్‌చుప్ అయ్యారు. అతని వేళ్ళు భుజాల మీది నుంచి దిగాయి, వీపు మీదికి వచ్చాయి, నడుము దగ్గర ఆగాయి. బొటనవేలు మూసేసిన కుట్టు వెంబడి మెల్లగా పోయింది. వంకర కుట్టు, దగ్గర దగ్గరగా, పిల్లలు మొదటిసారి రాసే అక్షరాల్లా. చివర, కాకి అడుగు ఉండవలసిన చోట, వేలు చాలాసేపు ఉండిపోయింది.

అతను తలెత్తాడు. కెమెరాల వంక చూడలేదు, మేనేజరు వంక చూడలేదు. వేల తలల మధ్య అక్క ఎక్కడుందో వెతికాడు. ఏ సినిమా మీదైనా తన తీర్పు చెప్పే ముందు ఇంకొకరి మొహం వంక చూడటం అతని జీవితంలో అదే మొదటిసారి.

కుట్టక్క కంచె మీది నుంచి పిడికిలి ఎత్తి, ఉందని చెప్పు అన్నట్టు విప్పింది. అరచేతిలో దారం ముక్కలు ఎండకు తళుక్కుమన్నాయి.

తమ్ముడు మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. అప్పుడు చున్నీ చుట్టుకున్న ఆ సహాయకురాలు ఒక అడుగు ముందుకు వేసి, కోటు కోసం రెండు చేతులూ చాచింది. ఇరవై ఏళ్ళ కిందట భుజమెక్కించుకోమని చాచిన చేతులే అవి.

"తొందరగా చెప్పండి సార్" అంది పరాయివాడితో మాట్లాడినట్టు. "వెలుతురు పోతోంది."